మూడు బయటికి, రెండు లోపలికి

మొన్న సిద్దిపేటలో మా గల్లీ చివరి కిరాణా దుకాణంలో నోరు జారాను. ఉల్లిగడ్డలు, చాయపత్తా కొనుక్కుందామని వెళ్లాను. నా ముందు నిలబడ్డ ముసలాయన చేతిలో దుకాణదారు ఒక పసుపుపచ్చ ప్యాకెట్ పెట్టి, "బీపీ వాళ్లకు గిదే మంచిగుంటది తాతా, మామూలు ఉప్పు బందు పెట్టు" అంటున్నాడు.

"తాతా, నీ కిడ్నీలు మంచిగున్నయా? డాక్టర్ని అడిగినవా?" అని మధ్యలో దూరాను.

"నా కిడ్నీలతోని నీకేం పని బిడ్డా?" అన్నాడాయన. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. దుకాణదారు మాత్రం నవ్వలేదు. "బేరం చెడగొట్టకమ్మా" అన్నాడు. ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారని, కిడ్నీలు చెడినవాళ్లకు అది విషమని నేను గొంతు పెంచి చెప్పేసరికి ముసలాయన ఆ ప్యాకెట్టే కాదు, కొందామని వచ్చిన బెల్లం కూడా కొనకుండా వెళ్లిపోయాడు. నేనూ ఉల్లిగడ్డలు మరచిపోయి ఇంటికొచ్చాను. మంచం మీద కూర్చున్నాక చూసుకుంటే నా కుడికాలు దానంతటదే ఊగుతోంది.

కాలు ఊపే అలవాటు నాది కాదు. మా జువాలజీ మేడంది. ఆమె పోయాక నాకు ఎప్పుడు అంటుకుందో తెలియదు.

ఆమె ఇంటర్‌లో మాకు పాఠం చెప్పింది. కూర్చోగా ఎవరూ చూడలేదు. స్టాఫ్‌రూంలో ఆమె కుర్చీ మీద ఎప్పుడూ ఆమె సంచే కూర్చునేది. చాయ్ నిలబడి తాగేది, హాజరు నడుస్తూ పిలిచేది. బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే ఆమెను చూడటానికి మా మెడలు నొప్పి పుట్టేవి. ఎవరైనా గోడకు ఒరిగి కునుకు తీస్తే కోప్పడేది కాదు, జాలిపడేది. "నువ్వు కూసున్ననని అనుకుంటున్నవ్ గని, నీ లోపల ఎవలూ కూసోలే" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. లోపల కూర్చోనిది ఏమిటంటే, కణం పొరలో ఉండే సోడియం పొటాషియం పంపు. మేడం దృష్టిలో లోకంలో పాఠం అంటే అదొక్కటే, మిగతావన్నీ పరీక్షల కోసం చెప్పేవి.

ఆ పాఠం ఆమె బోర్డు మీద చెప్పలేదు. మా ల్యాబ్‌కు ముందొక తలుపు, వెనుకొక తలుపు ఉండేవి. ల్యాబ్ మధ్యలో ఆమె చేతులు చాచి నిలబడేది. ఆమే పంపు. ముందు తలుపు అవతలి వరండా కణం లోపలి భాగం, వెనుక తలుపు అవతలి ఆవరణ బయటి భాగం. సన్నగా ఉన్న పిల్లలు సోడియం, కాస్త బొద్దుగా ఉన్నవాళ్లు పొటాషియం. పొటాషియం అయినవాళ్లు అలిగేవాళ్లు. నేను పుల్లలా ఉండేదాన్ని కాబట్టి ఎప్పుడూ సోడియమే.

ముందు తలుపు తీస్తే ముగ్గురం సోడియంలం వరండాలోంచి ల్యాబ్‌లోకి వెళ్లేవాళ్లం. ఆమె మా మణికట్లు గట్టిగా పట్టుకునేది. అప్పుడొక పిల్ల ఆమె నోట్లో పల్లీపట్టి ముక్క పెట్టాలి, ఆ ముక్కే ఏటీపీ, పంపుకు శక్తి. అది నమిలితేనే ముందు తలుపు మూసుకుంటుంది. రెండు తలుపులూ మూసి ఉన్న ఆ కాసేపు మేము ఆమె పిడికిట్లో ఇరుక్కుని కిసకిస నవ్వేవాళ్లం. తర్వాత వెనుక తలుపు తెరిచి, వేళ్లు విప్పేది. మేము ఆవరణలోకి పరుగు. విప్పిన ఆ చేతులకు ఇక సన్నటి మణికట్టు ఆనదు. ఆవరణలోంచి ఇద్దరు బొద్దు పొటాషియంలు వచ్చి ఆ అరచేతుల్లో చేతులు పెడితే సరిగ్గా సరిపోయేది. వెనుక తలుపు మూసి, ముందు తలుపు తీసి వాళ్లను వరండాలో వదిలేది. మూడు బయటికి, రెండు లోపలికి. మళ్లీ మొదలు.

ఒకసారి గాలి విసురుకు రెండు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు, అరుపులు. మేడం నెత్తి పట్టుకుని, "ఖతం! కణం సచ్చింది! రెండు దర్వాజాలు ఒక్కసారి తెరిస్తే ఇగ పంపెందుకే, తూటు వడ్డట్టే గదా!" అని కేక పెట్టింది. ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు, ఎవరు చచ్చారని.

చాలా ఏళ్లకు నేను ఊళ్లోనే ఒక దవాఖానలో డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరాను. ఒక పొద్దున ఫైలు చంకలో పెట్టుకుని, నడవా ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్న మనిషిని వెనుక నుంచి చూసి గుర్తుపట్టాను. కాళ్లు వాచాయి, ముఖం నల్లబడింది, అయినా తిరుగుతూనే ఉంది. నన్ను చూసి ఆగి, "ఏయ్, సోడియం!" అంది. పేరు గుర్తులేదు ఆమెకు. చివరిదాకా నన్ను అలాగే పిలిచింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రోగం ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని అరిచాను. "పరీక్షలుండె పిల్లలకు" అంది.

నాలుగు గంటలు చేయి కదపకుండా పడుకోవడం ఆమెకు సూదుల కన్నా పెద్ద శిక్ష. చేయి కదపొద్దంటే కాలు కదిపేది. ఆ ఊపుకు దుప్పటి జారిపోయేది, నేను సర్దేదాన్ని, మళ్లీ జారేది. పక్క మంచాలవాళ్లకు పాఠం చెప్పేది. మా మిషన్ అంటే ఆమెకు గౌరవం లేదు. "గిదేం పొరనే? జల్లెడ. ఎక్కువున్న కాడికెళ్లి తక్కువున్న కాడికి జారుతయ్, అంతే. దీనికి పట్టుకునుడు రాదు, వదులుడు రాదు" అనేది. "మరి మిమ్మల్ని బతికిస్తున్నది ఇదే కదా మేడం" అంటే, "బతికిస్తది గని, దీనికి మనమెవలమో తెల్వది" అనేది.

ఆమెకు పెళ్లి ఎందుకు కాలేదో నేను అడగలేదు. ఒంటరిగానే ఉండేది. రోగం సంగతి తెలిసి జగదేవ్‌పూర్ నుంచి ఆమె అక్క వచ్చి చేరింది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పెద్దమ్మకు చదువు రాదు గానీ ఒకసారి చెబితే మరవదు. కూరగాయల్లో పొటాషియం ఉంటుంది, ఉడికించి ఆ నీళ్లు పారబోయాలని చెప్పాను. ఆమె రెండుసార్లు ఉడికించి రెండుసార్లు పారబోసేది. ఆ బెండకాయ ముక్కల్లో ఇక బెండకాయ అనేది మిగిలేది కాదు. మేడం మాత్రం మాట్లాడకుండా తినేది.

పెద్దమ్మ ఎవరినీ 'పో' అనేది కాదు. ఇంటికెళ్తానంటే "కూసో" అనేది, అయినా లేస్తే ఊరికే చూసేది. ఎందుకో మేడం చెప్పింది. పెద్దమ్మ భర్త తిని పడుకోబోతుంటే, "మడి ఎండుతున్నది, పోయి మోటరేసి రాపో" అని పెద్దమ్మే పంపింది. స్టార్టర్ దగ్గర కరెంటు కొట్టి ఆయన అక్కడే పోయాడు. అది జరిగి ఎన్నో ఏళ్లయినా, పొద్దున లేస్తే "నేనే తోలిన" అన్న మాట ఆమె నోట్లో ఉండేది.

ఒక రోజు మేడంను ఆటోలోంచి ఎత్తుకుని తెచ్చారు. కాళ్లలో బలం లేదు, మెట్టు ఎక్కలేకపోయింది. మంచం మీద పడుకోబెట్టాక నేను ముందు చూసింది ఆమె కాలినే. ఊగడం లేదు. ఈసీజీ చూసి డాక్టర్ పరుగు మొదలుపెట్టాడు. రక్తంలో పొటాషియం ఉండకూడనంత పెరిగింది. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాం, గ్లూకోజుతో ఇన్సులిన్ ఎక్కించాం. నేను మిషన్ సిద్ధం చేస్తుంటే ఆమె కళ్లు సగం తెరిచి, "ఇన్సులిన్ ఎందుకో చెప్పు" అంది. ఆ స్థితిలో! నేను కోపంగా, "పంపును ఉరికిస్తది మేడం, పొటాషియంను కణాల లోపలికి తోలిస్తది. ఇగ నోర్మూయుండ్రి" అన్నాను. తృప్తిగా కళ్లు మూసుకుంది.

బయట పెద్దమ్మ నేల మీద కూర్చుని, "ఏం తిన్నదో! ఎవలు ఏం వెట్టిన్రో!" అని ఏడుస్తోంది. అంతలో పక్కింటి ఖాలా బురఖా సర్దుకుంటూ పరుగున వచ్చింది. ఖాలా, మేడం ఏళ్లుగా ఇరుగుపొరుగు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో పోకూడదని ముందురోజు ఖాలా కొబ్బరి బోండాం పట్టుకెళ్లింది. అది పెద్దమ్మకు గుర్తొచ్చింది.

"నువ్వే! బోండాంల పొటాషియం ఉంటదని నీకు జెప్పలేదా? నా చెల్లెను సంపుతవా?"

"అల్లా కసమ్ అక్కా, ఆమె ముట్టలే. నాకే వాపస్ ఇచ్చింది. మా మనవరాలు తాగింది, పిలిపిస్త, అడుగు!" అంది ఖాలా. ఎవరూ నమ్మలేదు. ఆమె గోడవారగా నిలబడి బురఖా ముసుగు ముఖం మీదికి లాక్కుంది.

గండం గడిచింది. తేరుకున్నాక మేడం నాతో, "బోండాం తాగలే. వంటింట్ల ఏదో ఉన్నది, పోయి చూసి రా" అంది. బట్టలు తెచ్చే నెపంతో పెద్దమ్మ వెంట వెళ్లాను. కూరల సంగతి అడిగితే ఆమె ఉత్సాహంగా అన్నీ చూపించింది. చివరికి ఉప్పు డబ్బా పక్కనున్న పసుపుపచ్చ ప్యాకెట్ తీసి, "ఉప్పు గూడ మంచిదే ఏస్తున్న బిడ్డా. బీపీకి గిదే మంచిదని దుకాణమాయన ఇచ్చిండు. జర పిరం. అయితేంది, నా చెల్లె కన్న ఎక్కువనా?" అంది. నేను ప్యాకెట్ తిప్పి వెనుక చిన్న అక్షరాలు చదివాను. కూరగాయల్లోంచి రెండుసార్లు పారబోసిన పొటాషియంను ఈమె చేతులారా చెంచాతో తిరిగి వేస్తోంది.

తిరిగొచ్చి మేడం చెవిలో చెప్పాను. ఆమె కాలు ఊగడం మొదలైంది.

"అక్కకు జెప్పినవా?"

"లేదు. ఇప్పుడు చెప్త."

"చెప్పకు."

నాకు ఒళ్లు మండింది. "మేడం, ఈ ఉప్పు వద్దంట అని ఒక్క మాట. అంతే గదా!"

"ఎందుకొద్దని అడుగుతది. అప్పుడేం జెప్తవ్? ఇన్ని దినాలు నేను ఏసింది గదే గదా అంటది. అప్పుడేం జెప్తవ్?" ఊపిరి ఆడక కాసేపు ఆగింది. "పంపుకు పట్టుకునుడు ఎంత ముఖ్యమో వదిలిపెట్టుడు గూడ గంతే. వదలకుంటె అది పంపు కాదు, బిరడా. మా అక్క ఒకటి పట్టుకుంటె వదలది. బావను ఇంక వదల్లే. గిది గూడ దాని చేతికి ఇయ్యకు."

"మరి ఖాలా?"

ఆమె అది ముందే ఆలోచించినట్టుంది. పెద్దమ్మను, ఖాలాను ఇద్దరినీ లోపలికి పిలిపించింది. తప్పు చేసిన పిల్లలా పైకప్పు చూస్తూ, "నేనే తిన్న. అరటిపండ్లు. దొంగతనంగ. మనసాగలే" అంది.

పెద్దమ్మ నోరు తెరిచింది. తర్వాత ఆ నోరు నెలల తరబడి మూతపడలేదు. "పిల్లలకు సుద్దులు జెప్పేదానివి, అరటిపండ్లు దొంగిలిస్తవానే?" అని దవాఖాన అంతా వినేలా తిట్టేది. పెద్దమ్మ ఆమె సంచి వెతికేది, దిండు కింద చెయ్యి పెట్టేది. దేవుడి దగ్గర పెట్టిన పండును కూడా ఎత్తు గూట్లో దాచేది. ఖాలాతో మాత్రం ఆ రోజే మళ్లీ మాట కలిసింది. పక్క మంచం రోగి ఒకడు మేడంను 'అరటిపండ్ల టీచరమ్మ' అని పిలవడం మొదలుపెట్టాడు. అన్నేళ్ల పాఠాలకు రాని పేరు ఆ పండ్లకు వచ్చింది. ఆమె నవ్వేది. ఒకసారి పెద్దమ్మను ఉడికించడానికి, "మంచిగ తియ్యగుండె అక్కా" అని కూడా అంది. పెద్దమ్మ గరిటె విసిరింది.

ఉప్పు సంగతి మేమిద్దరం చూసుకున్నాం. పెద్దమ్మ ప్యాకెట్ విప్పి డబ్బాలో పోసుకునేది. ఆమె గుడికో మార్కెట్‌కో వెళ్లగానే మేడం నాకు ఫోన్‌లో 'మూడు, రెండు' అని పంపేది. నేను మామూలు ఉప్పు సంచిలో పెట్టుకుని వెనుక దర్వాజా నుంచి వెళ్లేదాన్ని. మేడం వంటింటి గడప మీద నిలబడి, "ముంగట దర్వాజ మూసే ఉన్నదా? ఆఁ, ఇప్పుడు!" అని హుషారుగా హుకుం వేసేది. నేను డబ్బాలోది గుమ్మరించి, మామూలుది నింపేదాన్ని. పారేసేదాన్ని చెట్టు మొదట్లో పోయబోతే ఒప్పుకునేది కాదు. "పొలంల ఏసే పొటాష్ గిదే గని, దీంట్ల సోడియం గూడ ఉన్నది, చెట్టు సస్తది" అని మురుగునీళ్ల మోరీలో పోయించేది. మామూలు ఉప్పు కూడా ఆమెకు ఎక్కువ కాకూడదు కాబట్టి డబ్బాలోని చెంచా తీసి చిన్నది పెట్టాను. పెద్దమ్మ చెంచా ఏమైందని ఇల్లంతా వెతికిందట.

పని అయ్యాక మేడం వంటింట్లోనే అటూ ఇటూ నడిచేది. ఆ కాసేపు ఆమె మళ్లీ ల్యాబ్ మధ్యలో నిలబడ్డ మనిషిలా ఉండేది. నాకు మాత్రం ప్రతిసారీ భయమే. ఎవరైనా చూస్తే? నేను రాలేని రోజు పెద్దమ్మ కొత్త ప్యాకెట్ విప్పితే? ఆదివారాలు ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని. "ఎన్నాళ్లు మేడం ఇట్ల?" అని విసుక్కుంటే, "పంపు గట్ల అడిగితే మనముంటమానే?" అనేది.

పోయిన వానాకాలం ఒక పొద్దున, చాయ్ గ్లాసు పట్టుకుని వరండాలో నడుస్తూ పడిపోయింది. దవాఖానకు తెచ్చేసరికే ప్రాణం లేదు. ఆ వారం పరీక్షలో పొటాషియం సరిగ్గానే ఉంది. ఆ కాగితం నేను ఎన్నిసార్లు చూశానో! అన్నాళ్లు డయాలసిస్ మీద ఉన్నవాళ్ల గుండె అలసిపోతుందని డాక్టర్ అన్నాడు. నేను నమ్మాను. నమ్మినా కుదురు రాలేదు.

పెద్ద దినం నాడు జనం వెళ్లిపోయాక పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పీట వేసింది గానీ కూర్చోమనలేదు.

"నువ్వు ఎనుక దర్వాజ నుంచి సంచి వట్టుకొని అస్తుంటివి. నేను లేనప్పుడు. ఒకపాలి మార్కెట్ల పైసలు మర్సి మల్లొచ్చినప్పుడు చూసిన. ఇంకోపాలి గూడ చూసిన."

నేనే పీట మీద కూర్చున్నాను.

"నా చెల్లె కాలు బయట వెట్టేది కాదు. అరటిపండ్లు నడుసుకుంట వచ్చినయా? నాకు రాత్రి నిద్ర వడ్తలేదు బిడ్డా. తెచ్చిచ్చినోళ్లు ఒకలుండాలె. లేకుంటె..." ఆమె చూపు పొయ్యి మీదికి, గిన్నెల మీదికి, ఉప్పు డబ్బా మీదికి వెళ్లింది. "లేకుంటె నా వంటల్నే ఏమన్న ఉన్నదా అనుకోవాలె. నేనే నా చేతులతోని... చెప్పు. నువ్వేనా?"

నిజం నా గొంతు దాకా వచ్చింది. ఒట్టు, వచ్చింది. ఆమె చేతులు కొంగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి, వేళ్లు తెల్లబడ్డాయి.

"నేనే పెద్దమ్మా" అన్నాను. "మేడం అడిగితే కాదనలేకపోయిన. నేనే తెచ్చిచ్చిన."

ఆమె కొంగు వదిలింది. గోడకు ఒరిగి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరంతా వదిలింది. ముఖంలో కోపం వచ్చింది గానీ అంతకుముందున్న భయం లేదు.

"నువ్వేనా! నిన్ను కడుపుల వెట్టుకొని చూసుకున్న గదనే!" అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, కంచం నా ముందుకు జరిపింది. "దినం బువ్వ తినకుండ ఎవలూ పోవద్దు. తిను. తిని పో. మల్ల ఈ గడప తొక్కకు."

ఎవరినీ 'పో' అనని మనిషి నన్ను అంది.

అన్నం పెట్టింది, పచ్చిపులుసు పోసింది. నేను తల వంచుకుని తిన్నాను. పెద్దమ్మ పక్కన నిలబడి, నా వైపు చూడకుండా, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది పెద్దమ్మా" అన్నాను.

చెయ్యి కడుక్కుని, ముందు తలుపు నుంచి బయటికి వచ్చేశాను.